డాబా మీంచి సూర్యగ్రహణం: కెమెరాకి ఎంత, జనానికి ఎంత

మీరు అడిగినదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. 2027 ఆగస్టు 2న వచ్చే సూర్యగ్రహణాన్ని కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్ డాబా మీంచి 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో ఎలా తీయాలన్నది ఒకటి. అదే సమయంలో పిల్లలకీ, పక్క ఫ్లాట్ల వాళ్ళకీ, గ్రహణం పూట గడప దాటని మీ అత్తగారికీ దాన్ని ఎలా చూపించాలన్నది రెండోది. ఇవన్నీ మానేసి ఈజిప్టులో లక్సర్‌కి టికెట్టు కొనుక్కోవాలా అన్నది మూడోది.

మూడోదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. సెలవు దొరికి, డబ్బుకి ఇబ్బంది లేకపోతే వెళ్ళండి. లక్సర్ దగ్గర సంపూర్ణ గ్రహణం ఆరు నిమిషాల పైన ఉంటుంది. 2009 జూలై 22న సూరత్ నుంచి పట్నా మీదుగా వెళ్ళిన గ్రహణం, గరిష్ఠంగా 6 నిమిషాల 39 సెకన్లు, ఈ శతాబ్దంలో అన్నిటికంటే పొడవైనది. అయితే అది పసిఫిక్ సముద్రం మీద లెక్క. మన దేశంలో దాన్ని చాలాచోట్ల వానాకాలం మబ్బులు మింగేశాయి. లక్సర్‌లో ఆగస్టులో మబ్బు గురించి బెంగ అక్కర్లేదు, ఎండ గురించి పెట్టుకోవాలి. సూర్యుడు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మూసుకున్నా అది పాక్షికమే. ఆ మిగిలిన ఒక్క పాలూ పోయినప్పుడు సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లటి కాంతి వలయం, అంటే కరోనా, దాని ముందు మనం డాబా మీద చూసేది దేనికీ సరిపోదు. వెళ్ళేటట్టయితే అక్కడి సెట్టింగుల గురించి కింద ఒక పేరా రాశాను.

ఇక హైదరాబాద్ సంగతి. ఆ రోజు మనకు సాయంత్రం పూట, పడమటి ఆకాశంలో, పాక్షికంగా కనిపిస్తుంది. సూర్యుడిలో చిన్న ముక్క కొరికినట్టు ఉంటుందే తప్ప 2020 జూన్ 21న చూసినట్టు సగం బింబం పోదు. పట్టు, విడుపు సమయాలు నిమిషాలతో సహా పంచాంగాల్లోనూ పేపర్లలోనూ వస్తాయి. ఒక్కటే జాగ్రత్త, హైదరాబాద్‌కి ఇచ్చిన సమయమే చూసుకోండి. ఢిల్లీ టీవీ ఛానల్ చెప్పే సమయాలు మనవి కావు. విజయవాడకీ మనకీ కూడా తేడా ఉంటుంది.

చిన్న ముక్కే కాబట్టి నా సలహా సూటిగా చెప్తాను. బింబాన్ని మాత్రమే దగ్గరగా తీస్తే మీ ఫొటో, నా ఫొటో, ముంబైలో ఇంకొకాయన ఫొటో పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. నల్లటి తెర, అందులో ఒక పక్క నొక్కుపడిన గుండ్రటి బిళ్ళ, అంతే. మీ దగ్గర మాత్రమే దొరికేది మీ డాబా, దాని మీద తలెత్తి నిలబడిన మనుషులు. అందుకని బింబం ఫొటో పనిని వీలైనంత ముందే తెమిల్చి పెట్టుకుని, ఆ గంటన్నరలో ఎక్కువ భాగం జనం దగ్గర గడపండి. కింద రాసినదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు ఫిల్టరు. ఇక్కడ మాత్రం రాజీ లేదు. సూర్యుడి వెలుగుని లక్ష వంతుల్లో ఒక వంతుకి తగ్గించేది కావాలి. దాన్నే డెన్సిటీ 5 అంటారు. ఫొటో షాపుల్లో ఎన్‌డీ 1000 అని అమ్మే నల్లద్దం వెయ్యో వంతుకే తగ్గిస్తుంది, అంటే కావలసినదానికన్నా వంద రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి పోతుంది. పైగా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ని అది ఎంత ఆపుతుందో గ్యారంటీ లేదు. జలపాతాలు తీసుకోవడానికి బాగుంటుంది, దీనికి వద్దు. బాడర్ లాంటి కంపెనీల సోలార్ ఫిల్ము ఏ4 సైజు షీటు ఒకటి తెప్పించుకుంటే మీ లెన్సుకీ, ఫోనుకీ, ఇంకొకరి బైనాక్యులర్‌కీ సరిపోతుంది. కొనేటప్పుడు అంకె చూడండి. అదే ఫిల్ములో డెన్సిటీ 3.8 రకం కూడా ఉంది. అది వెలుగుని తక్కువగా ఆపుతుంది, కెమెరాకి మాత్రమే, దాని గుండా కంటితో చూడకూడదు. డాబా మీద పదిమంది చేతులు మారే చోట రెండు రకాలు ఉంచుకోవడమే ప్రమాదం. 5 ఒక్కటే తెప్పించండి.

ఫిల్ముకి చట్రం ఇంట్లోనే చేసుకోవచ్చు. మందపాటి చార్టు పేపర్ని మూడు వేళ్ళ వెడల్పు పట్టీగా కోసి, లెన్సు ముందు భాగానికి బిగుతుగా రెండు చుట్లు చుట్టి టేపు వేయండి. జారీజారనట్టు లోపలికి దిగాలి, ఊపితే ఊడకూడదు. అట్టముక్క మీంచి రెండు రింగులు కోసి, ఒకదాని మీద రెండువైపులా అంటుకునే టేపు వేసి, ఫిల్ముని దాని మీద పరిచి, రెండో రింగు పైన నొక్కండి. ఈ పరిచేటప్పుడే అందరికీ చెయ్యి ఊరుకోదు, ముడతలు పోవాలని లాగుతారు. లాగకూడదు. ముడతలున్నా బొమ్మ బాగానే వస్తుంది, లాగితేనే పాడవుతుంది. రింగుని గొట్టానికి అంటించాక చీకటి గదిలో ఫోను టార్చి వెనకనుంచి వేసి చూడండి. సూదిమొనంత చుక్క వెలుగు కనబడినా ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి చేయండి. డాబా మీద గాలి ఉంటుంది కాబట్టి చివర్లో ఒక రబ్బరు బ్యాండు గానీ టేపు గానీ చుట్టడం మరవకండి. ఫిల్టరు ఎప్పుడూ లెన్సు ముందే ఉండాలి. పాత టెలిస్కోపులతో కంటి దగ్గర బిగించే చిన్న నల్లద్దం ఒకటి వచ్చేది. కూడిన వెలుగంతా దాని మీద పడి అది వేడెక్కి పగులుతుంది. ఎవరైనా తాతలనాటి టెలిస్కోపు పట్టుకొస్తే ఆ అద్దం తీసి దాచేయండి.

ఇప్పుడు మీ లెన్సు. ఫోకల్ లెంగ్తుని సుమారు 109తో భాగిస్తే సెన్సరు మీద సూర్యుడి సైజు వస్తుంది. 300 దగ్గర అది 2.75 మిల్లీమీటర్లు. మీది మామూలు క్రాప్ సెన్సరు (ఫిల్ము ఫ్రేము కంటే చిన్న సెన్సరు), 24 మెగాపిక్సెళ్ళది అనుకుంటే బింబం అడ్డంగా దాదాపు 700 పిక్సెళ్ళు పడుతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది గానీ పోస్టుకార్డు సైజు ప్రింటుకీ, ఫోనులో చూసుకోవడానికీ ఇది చాలు. దీనికోసం 600 లెన్సు అద్దెకి తెచ్చుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు. ఆ డబ్బుతో కళ్ళద్దాలు కొనండి.

ఫోకసు ఆటోలో వదలకండి. ఫిల్టరు పెట్టాక వెనక స్క్రీను మీద లైవ్ వ్యూ పెట్టి, పది రెట్లు పెద్దది చేసి, బింబం అంచు కత్తిరించినట్టు కనిపించేదాకా రింగు తిప్పండి. సూర్యుడి మీద మచ్చలుంటే ఇంకా సులువు, మచ్చ చుట్టూ బూడిదరంగు అంచు కనిపిస్తే ఫోకసు కుదిరినట్టే. కుదరగానే రింగు మీద చిన్న టేపు ముక్క వేయండి. జూమ్ రింగుకి కూడా. చవక 70-300 లెన్సులు పైకెత్తి పెడితే బరువుకి జారతాయి, మీకు తెలీకుండానే 300 కాస్తా 250 అవుతుంది. వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేయండి, రా ఫైళ్ళు (కెమెరా కుదించని ఫైళ్ళు) తీయండి, వైట్ బ్యాలెన్సు డేలైట్ పెట్టండి.

ఎక్స్‌పోజరుకి మొదలు ఇది: డెన్సిటీ 5 ఫిల్టరుతో ఐఎస్‌ఓ (సెన్సరు సున్నితత్వం) 100, లెన్సు తెరుపు ఎఫ్/8, షట్టరు 1/400 సెకను. అక్కడినుంచి అటూ ఇటూ తీసి చూసుకోండి. బింబం మధ్యలో పూర్తి తెలుపుకి పోకుండా, అంచు వైపు కాస్త మసకగా ఉంటే అది సరైనది. అంచు మసకబారడం సూర్యుడి గుణమే, మీ లెన్సు లోపం కాదు. పొద్దు వాలేకొద్దీ హైదరాబాద్ దుమ్ములోంచి వెలుగు తగ్గిపోతుంది. 1/400 కాస్తా 1/100కో ఇంకా కిందకో వస్తుంది. అందుకే ఆటో కాదు, మాన్యువల్.

ఒక చిక్కు మిగిలింది. సూర్యుడు తన బింబమంత దూరాన్ని రెండు నిమిషాల్లో దాటుతాడు. 300 లెన్సుతో మధ్యలో పెట్టిన బింబం ఎనిమిది నిమిషాలకల్లా ఫ్రేములోంచి బయటికి పోతుంది. వెనకాల తిరిగే ట్రాకరు మీ దగ్గర లేదు. దీనికి నేను కుదుర్చుకున్న ఏర్పాటు ఏమిటంటే, తొమ్మిదో తరగతో పదో తరగతో చదివే పిల్లనో పిల్లాడినో కెమెరా దగ్గర కూర్చోబెట్టడం. ఐదు నిమిషాలకోసారి బింబాన్ని మధ్యకి తెచ్చి, రిమోటు నొక్కి, టైము ఒక కాగితం మీద రాయాలి. ముందు రోజు సాయంత్రం అరగంట నేర్పిస్తే చాలు. ఈ వయసు వాళ్ళు చేసినంత శ్రద్ధగా ఆ పని పెద్దవాళ్ళు చేయరు. పెద్దవాళ్ళకి మధ్యలో ఫోన్లు వస్తాయి.

డాబా, మనుషులు, సూర్యుడు ముగ్గురూ ఒకే ఫొటోలో కావాలంటే లెక్క వేరు. ఆకాశంలో సూర్యుడు అర డిగ్రీ మాత్రమే. నిలబడ్డ మనిషి, బింబం ఒకే ఎత్తు కనిపించాలంటే ఆ మనిషి మీకు 190 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే మీ డాబా మీద మీరు, నాలుగు వీధుల అవతల డాబా మీద ఆయన. చార్మినార్ పక్కన అంత పెద్ద సూర్యుడున్న ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి చూడండి, చాలా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసినవి కొన్ని, రెండు ఫొటోలు అతికినవి బోలెడు. పైగా అలాంటి ఫొటోకి సూర్యుడు నేలకి దగ్గరగా ఉండాలి. 2022 అక్టోబర్ 25, దీపావళి మర్నాడు, మనకా అవకాశం వచ్చింది. ఐదు గంటలకి కాస్త ముందు పట్టి, విడుపు చూడకుండానే సూర్యుడు అస్తమించాడు. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే హుస్సేన్‌సాగర్ అవతల పడమర తేటగా కనిపిస్తుంది, అలాంటి గ్రహణానికి అంతకంటే మంచి చోటు నగరంలో లేదని నా అభిప్రాయం. 2027లో సూర్యుడు అంత కిందకి దిగడు, కాబట్టి బుద్ధుడి విగ్రహం పక్కన గ్రహణం అన్న ఆశకి ఈసారికి నీళ్ళొదులుకోండి.

బదులుగా ఇది చేయండి. ఇంకో కెమెరా గానీ, పాత కెమెరా గానీ ఎవరి దగ్గరైనా ఉంటే, 35 లాంటి వెడల్పు లెన్సు పెట్టి, నిలువుగా, పడమటి వైపు, కింద పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు వచ్చేలా స్టాండు మీద బిగించండి. ఫిల్టరుతో ఐదు నిమిషాలకొకటి తీయాలి. రెండు నిమిషాలకి ఒక బింబమంత కదులుతాడు కాబట్టి ఐదు నిమిషాల ఎడంలో బింబాలు ఒకదాని మీద ఒకటి పడవు, మధ్యలో తగినంత ఖాళీ వస్తుంది. పొద్దు గూకాక, స్టాండు అంగుళం కూడా కదపకుండా, ఫిల్టరు తీసి డాబా ఒకటి తీయండి. మనుషుల్ని అప్పటిదాకా ఉండమని ఒప్పించడం మీ నేర్పు. మిరపకాయ బజ్జీలు పని చేస్తాయి. విడుపు స్నానాలు అయ్యేదాకా తినని వాళ్ళుంటారు, వాళ్ళ లెక్క వేరే చూసుకోండి. తర్వాత కంప్యూటర్లో అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే దిగుతున్న సూర్యుళ్ళ వరస, కింద మీ వాళ్ళు.

ఇక ఫోను సంగతి. ఉత్త ఫోనుతో సూర్యుణ్ణి తీస్తే తెల్లటి మచ్చ వస్తుంది, ఆ మచ్చలో గ్రహణం ఉండదు. మిగిలిన ఫిల్ము ముక్కని ఫోను లెన్సుల మీద అంటించి, జూమ్ లెన్సు ఉంటే దానికి మార్చి, తెర మీద సూర్యుణ్ణి నొక్కిపట్టి ఫోకసు, వెలుగు లాక్ చేసి, వెలుగు తగ్గించడానికి పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి లాగండి. మూడు సెకన్ల టైమరు పెట్టండి. వచ్చేది చిన్న బింబమే అయినా నొక్కు తెలుస్తుంది. అయితే ఫోను అసలు సామర్థ్యం మనుషుల్ని తీయడంలో ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిసారి పైకి చూసినవాళ్ళ నోరు తెరుచుకునే ఆ క్షణం రెండోసారి రాదు. మీ చేతిలో ఉండాల్సింది ఫోనే.

వానాకాలం కాబట్టి మబ్బు సంగతి. 1999 ఆగస్టు 11న సంపూర్ణ గ్రహణం నీడ గుజరాత్‌లో దిగి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం దగ్గర సముద్రంలోకి పోయింది. దారి పొడుగునా చాలాచోట్ల మబ్బే. ఆగస్టు గ్రహణం అంటే ఆ లెక్కన సగం జూదం. దట్టమైన మబ్బైతే చేసేదేమీ లేదు. పలచని మబ్బు మాత్రం ఫొటోకి వరం, బింబం చుట్టూ మబ్బు పొరలు కనిపిస్తే ఆ ఫొటో ఏ దేశంలోనూ ఇంకొకరికి రాదు. అప్పుడు ఎక్స్‌పోజరు పెంచాల్సి వస్తుంది, 1/400 నుంచి 1/60కి, 1/15కి కూడా. మబ్బుంది కదా అని కళ్ళద్దాలు తీసి చూడటం, కెమెరా ఫిల్టరు తీసి వ్యూఫైండర్‌లో కన్ను పెట్టడం మాత్రం కూడదు. మబ్బు రెండు సెకన్లలో జరిగిపోతుంది.

ఇక జనం. కళ్ళద్దాలు ఐఎస్‌ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే అద్దాలకి అంతర్జాతీయ ప్రమాణం) అని ముద్ర ఉన్నవి కొనండి. ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు కాబట్టి మీరూ ఒకసారి పరీక్షించండి. గదిలో పెట్టుకుంటే ఏమీ కనిపించకూడదు, ట్యూబులైటు కూడా. గీత పడినవి కత్తిరించి పారేయండి. రాణీగంజ్‌లో వెల్డింగ్ సామాన్ల కొట్లలో 14 నంబరు గాజు దొరికితే అదీ మంచిదే, సూర్యుడు ఆకుపచ్చగా కనిపిస్తాడు అంతే. 10, 11 నంబర్లు ఇస్తామంటారు, తీసుకోవద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజు, సీడీలు, రెండు కూలింగ్ గ్లాసులు ఒకదాని మీద ఒకటి, ఇవేవీ పనికిరావు. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో చూడటం మన ఇళ్ళలో పాత అలవాటు. నీళ్ళు తేటగా ఉంటే పైనుంచి పడిన వెలుగులో నూటికి రెండు పాళ్ళు తిరిగి కంట్లోకి వస్తుంది. కావలసింది లక్షలో ఒక పాలు. పొద్దు వాలినప్పుడు నీళ్ళ మీద ఏటవాలుగా పడి ఇంకా ఎక్కువే వస్తుంది. కంటి రెటీనాకి నొప్పి తెలీదు, కాలుతున్నప్పుడు ఏమీ అనిపించదు, గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. దానికి మందు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం డాబా మీద మీరు కఠినంగా ఉండాలి, పక్కింటి అంకుల్ ఏమనుకున్నా సరే. పిల్లలకి ముందే నేర్పండి: తల దించి పెట్టుకోవాలి, పైకి చూడాలి, తల దించాకే తీయాలి.

చెట్ల కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలుగా మారే ముచ్చట మీరూ చూసే ఉంటారు. 2020లో మధ్యాహ్నం దగ్గర సగం బింబం మూసుకున్నప్పుడు కానుగ చెట్ల కింద నేలంతా అవే. ఈసారి వాటి మీద ఆశ పెట్టుకోకండి. ముక్క చిన్నది, పొద్దు వాలి ఉంటుంది, చుక్కలు సాగిపోయి నొక్కు తెలీదు. వంటింటి జల్లెడ కూడా అంతే. దూరం పెంచితేనే బొమ్మ పెద్దదవుతుంది. రంధ్రం నుంచి గోడ ఎంత దూరమో దాన్ని 109తో భాగిస్తే బొమ్మ సైజు. మీటరుకి 9 మిల్లీమీటర్లే, పది మీటర్లకి 9 సెంటీమీటర్లు.

ఆ పది మీటర్లు తెచ్చేది అద్దం. మీ అత్తగారి సమస్యకి జవాబు కూడా అదే. చేతి అద్దం ఒకటి తీసుకుని, నల్ల కాగితంలో బఠాణీ గింజంత రంధ్రం చేసి దాని మీద అంటించండి. రంధ్రం గుండ్రంగా ఉండాలని లేదు, చదరంగా కోసినా దూరం నుంచి గుండ్రటి సూర్యుడే పడతాడు. పడమటి బాల్కనీలో, ఎవరి కళ్ళకీ ఎదురు రాని ఎత్తులో స్టూలు మీద చపాతీ పిండి ముద్ద పెట్టి అద్దాన్ని అందులో గుచ్చండి. పిండి ముద్ద ఎందుకంటే వెంట్రుకవాసి తిప్పినా నిలబడుతుంది, ఏ స్టాండూ అంత నెమ్మదిగా కదలదు. వెలుగు హాల్లోంచి లోపలి గది గోడ దాకా పోవాలి. కర్టెన్లు వేసి, లైట్లు ఆర్పేయండి. గోడ మీద అరచేతికి సరిపడా బింబం, ఒక పక్క నొక్కు, మెల్లిగా పక్కకి జరుగుతూ కనిపిస్తుంది. ఆవిడ గడప దాటనక్కర్లేదు, సూర్యుణ్ణి చూడనక్కర్లేదు, నియమం నియమంగానే ఉంటుంది. గర్భిణులు ఎవరైనా ఉన్నా అంతే. బయటికి వస్తే ఏమీ కాదన్నది నాకు తెలుసు, మీకూ తెలుసు, కానీ ఆ వాదన పెట్టుకోవడానికి గ్రహణం నడిచే గంటన్నర సమయం కాదు. గోడ మీద బొమ్మ చూపిస్తే మిగతాది వాళ్ళే అడుగుతారు. అద్దంలోకి తొంగిచూడకుండా అక్కడొకరిని కాపలా పెట్టండి.

పెద్దవాళ్ళు నోరు విప్పారంటే 1980 ఫిబ్రవరి 16 గురించి అడగండి. ఆ రోజు సంపూర్ణ గ్రహణం నీడ కార్వార్ దగ్గర తీరం దాటి, రాయచూరు, నల్లగొండ వైపుగా సాగి పూరీ దాకా వెళ్ళింది. నగరానికి ఆగ్నేయంగా ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడలో పడింది, శాస్త్రవేత్తలు పరికరాలతో అక్కడ దిగారు. అదే మధ్యాహ్నం హైదరాబాద్ రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అని ఆ తరం వాళ్ళు చెప్తారు. ఇంటి తలుపులు వేసుకుని ఏం చేశారో, ఎవరు కిటికీ సందులోంచి చూశారో వాళ్ళ చేత చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఆ రోజు తీసిన కరోనా ఫొటోలు శాస్త్రవేత్తల దగ్గర భద్రంగా ఉన్నాయి, ఈ కబుర్లు మాత్రం ఎక్కడా లేవు.

రోకలి కూడా తప్పకుండా వస్తుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి, గ్రహణం పట్టింది కాబట్టే నిలబడిందని వీడియో తీస్తారు. కింద పొన్ను చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. ముందు ఆదివారం పిల్లల చేత అదే పళ్ళెంలో నిలబెట్టించి ఫొటో తీసి ఉంచండి. గ్రహణం నాడు ఎవరైనా వీడియో పెడితే పక్కన ఇది పెట్టి ఊరుకోండి, వ్యాఖ్య అక్కర్లేదు.

లక్సర్ వెళ్ళేటట్టయితే: సూర్యుడు పూర్తిగా మూసుకున్నాకే ఫిల్టరు తీయాలి. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 దగ్గర వజ్రపుటుంగరం (సూర్యుడు మూసుకునే, తెరుచుకునే క్షణాల్లో ఒకచోట మెరిసే వెలుగు) ముందూ వెనకా వచ్చే వెలుగు పూసలకి 1/3200, ఎర్రటి జ్వాలలకి 1/800, లోపలి కరోనాకి 1/50, బయటి కరోనాకి అర సెకను పైన. ఒకే ఎక్స్‌పోజరులో ఇవన్నీ రావు కాబట్టి వరసగా మార్చుకుంటూ ఒక్క నిమిషం తీయండి. మిగతా ఐదు నిమిషాలు కెమెరా ముట్టుకోకండి. వెలుగు మళ్ళీ మెరవగానే కళ్ళద్దాలు, ఫిల్టరు వెనక్కి.

ఫొటోలు పంచుకోవడం గురించి రెండు మాటలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు నలిగిపోయి బింబం అంచు గళ్ళుగళ్ళుగా మారుతుంది, డాక్యుమెంటుగా పంపండి. కింద ఊరు, తేదీ, టైము, లెన్సు రాయండి. బడిలో టీచరు పిల్లలకి చూపించాలంటే ఆ నాలుగూ లేని ఫొటో పనికిరాదు. అందుకే పిల్లల చేత టైము కాగితం మీద రాయించమన్నాను. బింబాల వరస అతికిన ఫొటో అయితే అతికినదని చెప్పండి. గ్రహణం రోజు సాయంత్రానికల్లా అంతరిక్షం నుంచి తీసిందని ఒక నీలం-నలుపు బొమ్మ ప్రతి గ్రూపులోకీ వస్తుంది, కంప్యూటర్లో గీసినది. దాని పక్కన మీ వంకర టింకర డాబా ఫొటో వెలవెలబోతుందని జంకకండి, పిట్టగోడ మీద తమ మోచేతులు గుర్తుపట్టి జనం దాన్నే దాచుకుంటారు.

ఇవన్నీ ఆగస్టు దాకా ఆగే పనులు కావు. గ్రహణం రెండు వారాలుందనగా ఫిల్ముకీ కళ్ళద్దాలకీ గిరాకీ పెరిగి నకిలీలు దిగుతాయి, వేసవిలోపే తెప్పించేయండి. ఫిల్ము రాగానే చట్రం చేసి, ఏదో ఒక సాయంత్రం ఐదింటికి మామూలు సూర్యుణ్ణే తీయండి. పడమర వైపు ఏ బిల్డింగు అడ్డం వస్తుందో, ట్యాంకు నీడ ఎటు పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఫోకసు కుదరకపోతే లెన్సు మోడల్, ఒక ఫొటో ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.